మూడు గుండ్లు, ఒక అడ్డకర్ర

సరిహద్దంటే మాకు లెక్కలేదు. చిత్తూరులో పుట్టినవాళ్లకు ఎందుకుంటుంది? ఇటు కాసేపు పోతే తమిళనాడు, అటు కాస్త ఎక్కువసేపు పోతే కర్ణాటక. మా వీధిలో వాళ్లు పెళ్లి చీరలు ఒక రాష్ట్రంలో కొని, కళ్లద్దాలు ఇంకో రాష్ట్రంలో చేయించుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చి సంగటి తినేవాళ్లు. మా నాయన ఇంకో మెట్టు పైన. ఆయన ఉద్యోగమే సరిహద్దు మీద.

తమిళనాడు పోయే దారిలో పన్నుల చెక్‌పోస్టు ఒకటి ఉండేది. లోపల ఫ్యాను కింద కూర్చుని కాగితాలు చూసేవాళ్లు వేరు. మా నాయన బయట నిలబడి కర్ర ఎత్తేవాడు. రోడ్డుకు అడ్డంగా పొడుగాటి కర్ర, దాని పొట్టి కొనకు సిమెంటు దిమ్మ, పొడుగు కొనకు తాడు. తాడు వదిలితే కర్ర లేస్తుంది, లాగితే దిగుతుంది. ఒక్కసారిగా వదిలేస్తే కర్ర ఎగిరిపోయి తాడు చేతికందదు కాబట్టి, బండి దాటేదాకా తాడు చేతిలోనే ఉండాలి. ఈ విద్య ఆయన ముప్పై ఏళ్లు చేశాడు. టీకొట్టు తమిళనాడు వైపు ఉండేది గనక రోజుకు అయిదారుసార్లు రాష్ట్రం దాటేవాడు. కాకపోతే నడిచి, కర్ర పక్కనున్న సందులోంచి.

మామిడి కాలంలో ఆ దారికి ఒక ఆచారం ఉండేది. బంగారుపాళ్యం తోటల నుంచి వచ్చే లారీల డ్రైవర్లు, కర్ర లేవగానే రెండు కాయలు కిటికీలోంచి విసిరేవాళ్లు. కర్ర ఎత్తినవాడికి రెండు కాయలు. బండి ఆగదు. కాయలు దుమ్ములో పడేవి. మా నాయన తాడు వదలకుండా, కర్ర దించాక పోయి ఏరుకునేవాడు. చిన్నప్పుడు నేను తిన్న ప్రతి మామిడికాయకూ ఒక పక్క దెబ్బ ఉండేది. కాయంటే అలాగే ఉంటుందనుకున్నాను. కాలేజీలో చేరి తిరుపతి హాస్టల్లో మొదటిసారి నున్నటి కాయ తిన్నప్పుడు ఏదో తక్కువైనట్టు అనిపించింది.

తర్వాత కొత్త పన్ను వచ్చింది. చెక్‌పోస్టులన్నీ ఎత్తేశారు. కర్రను పాత సామానుతో కలిపి వేలం వేశారు. తాడును మాత్రం ఎవరూ అడగకపోతే మా నాయన చుట్ట చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. మా అమ్మ దాన్ని మేడ మీద కట్టి బట్టలు ఆరేసింది. దాని విషయంలో ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోలేదు.

రిటైరైన తర్వాత ఆయనకు ఒకే ఒక కోరిక పుట్టింది. ఒక రోజు భోజనం దగ్గర చెప్పాడు.

"ముప్పై ఏండ్లు పరాయోళ్లకు ఎత్తినా. ఒక్క దినం నేను కార్లో కూర్చోని ఉండాల, ఇంకొకడు నాకు కర్ర ఎత్తాల."

"దానికేం, టోల్‌గేటుకు పోదాం పద. ఆడ దినమంతా ఎత్తతానే ఉంటారు" అంది అమ్మ.

"అది మిషను. మిషను ఎత్తితే మర్యాదేముండాది? మనిషి ఎత్తాల. కాయితాలు సూసి, మొగం సూసి ఎత్తాల."

రాష్ట్రాల మధ్య ఆ మర్యాద ఎక్కడా మిగల్లేదు. ఇక మిగిలింది దేశాల మధ్య. అలా నేపాల్ తేలింది. ముక్తినాథుడి దర్శనం అని పైకి చెప్పుకున్నాం. పాపం, ఆ స్వామికి కూడా తెలుసుంటుంది, మేము కర్ర కోసం పోతున్నామని.

కారు మామది. మామ అంటే నా మేనమామ కాదు. చిత్తూరులో కార్ల సీట్లకు కవర్లు కుట్టే సాయిబు. చెక్‌పోస్టు టీకొట్టులో మా నాయనకు దోస్తీ అయి, మా అమ్మను అక్కా అని పిలవడంతో నాకు మామ అయ్యాడు. ఆయన కారు ఇంజను ఎలా ఉన్నా, సీట్లు మాత్రం పెళ్లికొడుకు కూర్చోదగ్గవి. హిందీ వచ్చినవాడు మా నలుగురిలో ఆయనొక్కడే. అది కూడా చిత్తూరు ఉర్దూ, అందులో పావు తెలుగు, పావు తమిళం.

మామ వస్తానన్నాడు గానీ ఒక భయం పెట్టుకున్నాడు. "బావా, నా పేరు సూసి బార్డర్లో ఆపితే, మీరు నా కోసం నిలబడద్దండి. మీరు పోయి రండి. నేను ఈ పక్కనే లాడ్జిలో ఉంటా."

"నువ్వు లాడ్జిలో ఉంటే బండి ఎవురు తోలతారు, మీ అక్కా?" అన్నాడు మా నాయన. ఆయనకు ఆ భయం అర్థమే కాలేదు. నాకు అర్థమైంది. సిగ్గనిపించింది. మామ పాస్‌పోర్టు, ఓటరు కార్డు, రేషను కార్డు, అయిదో తరగతి సర్టిఫికెట్టు, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, సీటు కవరు లోపల జిప్పు కుట్టి అందులో దాచుకున్నాడు.

మా నాయన కూడా ఫైలు తయారుచేశాడు. నీలం అట్ట, ఎర్ర నాడా. ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు, ప్రతి జిరాక్సు మీదా మా కాలేజీ ప్రిన్సిపాలు పచ్చ ఇంకు సంతకం. నేనక్కడ పాఠాలు చెప్తాను గనక ఆ సంతకాలు పెట్టించే పని నా నెత్తిన పడింది. "నేపాల్లో నా సంతకం చెల్లుతుందామ్మా?" అని అడిగాడాయన. చెల్లుతుందన్నాను. ఏం చెప్పమంటారు?

ఇక నా నెత్తి సంగతి. అంత దూరం కారులో పోతున్నామని అమ్మ భయపడి, పోయి క్షేమంగా తిరిగొస్తే ముగ్గురం గుండు ఇస్తామని వెంకటేశ్వరస్వామికి మొక్కింది. ముగ్గురం అంటే నేను కూడా. నన్నడగలేదు. బోడిగుండుకూ మోకాలికీ ముడి అంటారే, దాన్ని మా ఇంట్లో నిజంగానే వేశారు. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తే చాలు కదా అన్నాను. "మొక్కేటప్పుడు గుండనే అన్యాను పాపా, ఇంగ మాట మార్చేది బాగుండదు" అంది, ఆమె ఏదో నాకు గాజులు కొంటానన్నట్టు.

సరే, తిరిగొచ్చాక కదా, అప్పటికి వేసవి సెలవులు మిగిలుంటాయిలే అనుకున్నాను. అక్కడ మా నాయన అడ్డం పడ్డాడు.

"పనయినంక ఇచ్చేది ఏం మొక్కు? దాటేదానికి ముందే కట్టాల. మా పోస్టులో ముందు కట్టకుండా ఎవుర్నన్నా వదిలినామా?"

ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషితో వాదించలేం. బయలుదేరే ముందు రోజు కొండకు పోయి ముగ్గురం గుండ్లు చేయించుకున్నాం. తిరుపతిలో గుండును ఎవరూ తిరిగి చూడరు. బస్సులో సగం మంది అదే కదా. గంధం పూసుకుని దిగొచ్చిన మా చుట్టూ మామ మాత్రం ఒకసారి తిరిగి చూశాడు. "దూరం నుంచి సూస్తే ఎవురు ఎవురో తెల్ల్యా బావా" అన్నాడు చివరికి. అప్పుడు ఆ మాటకు అందరం నవ్వాం.

మా నాయన ఇంకొకటి కూడా తెచ్చాడు. బంగారుపాళ్యం తోటలో కోసిన రెండు బెంగళూరా కాయలు, బాగా దోరవి. వాటిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కర్ర ఎత్తినవాడికి. నాలుగు రోజులు ఎవరినీ ముట్టనివ్వలేదు.

నాగపూర్ దాకా అంతా బాగుంది. జబల్‌పూర్ దాటి ఒక ధాబాలో ఆగినప్పుడు, గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన మా మూడు తలలూ చూసి లేచి నిలబడ్డాడు. మంచం మీద దుప్పటి సరిచేసి కూర్చోమన్నాడు. మామను పక్కకు పిలిచి ఏదో అడిగాడు. మామ తల గోక్కుంటూ తిరిగొచ్చాడు.

"ఇంట్లో ఎవురు పోయినారు అంటా ఉండాడు."

ఆ పక్క తల గొరిగించుకున్నారంటే ఇంట్లో చావు జరిగినట్టేనట. మగవాళ్లదైతే తండ్రో తల్లో అనుకుంటారు. ఆడమనిషి గుండుతో కనబడితే మొగుడు పోయాడనుకుంటారు. మా అమ్మ గుండుతో, మెడలో తాళితో, పక్కనే బతికున్న మొగుడితో కూర్చుని పూరీలు తింటోంది. వాళ్లకు లెక్క కుదరలేదు. మామ తిరుపతి గురించి చెప్పాడు. చెప్పిందంతా విని ఆ పెద్దాయన ఇంకా జాలిగా తలూపి, పెరుగు ఉచితంగా పంపించాడు. అక్కడి నుంచి ప్రతి ఊళ్లోనూ అదే కథ. కాశీ దగ్గరకొచ్చేసరికి మామ విసిగిపోయి, అడిగిన వాళ్లందరికీ "అవును, పోయినారు" అని చెప్పేస్తున్నాడు. ఎవరు పోయారో మాకు కూడా చెప్పలేదు.

గోరఖ్‌పూర్ దాటి సరిహద్దు ఊరు చేరేసరికి ఉదయం తొమ్మిదయింది. మా నాయన కొత్త చొక్కా వేసుకున్నాడు. ఫైలు ఒళ్లో, ఫైలు మీద కాయలు. "మెల్లగా పోనీప్పా. కర్ర ముందర బండిని అదిలించకూడదు, వాళ్లకు కోపమొస్తాది" అని మామకు చెప్పాడు.

రోడ్డు నిండా రిక్షాలు, సైకిళ్లు, బస్తాలు మోసేవాళ్లు, రెండు మేకలు. పైన ఒక పెద్ద తోరణం. దాని కింద ఒక జవాను నిలబడి, ఆగిన వాళ్లందరినీ పో పో అని చేయి ఊపుతున్నాడు. మాకు కూడా ఊపాడు. వెనక హారన్లు. మామ పోనిచ్చాడు. గాజుల కొట్లు, బట్టల కొట్లు, ఇంకో తోరణం, మళ్లీ గాజుల కొట్లు.

"కర్ర యాడుండాది?" అన్నాడు నాయన.

పక్క కొట్టు బోర్డు మీద ఊరి పేరు చూసి నేనే చెప్పాను. "నాయనా, మనం నేపాల్లో ఉన్నాం."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నాలుగు రోజులు ప్రయాణం చేసి, పచ్చ ఇంకు సంతకాలు పెట్టించి, నా జుట్టు కూడా ముందుగానే కట్టేసి వచ్చిన సరిహద్దు, మాకు తెలియకుండానే వెనక్కి వెళ్లిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. పరీక్షకు చదువుకుని వచ్చిన పిల్లకు పరీక్ష లేదు పొమ్మంటే ఉండే ముఖం అది.

"ఇది చెల్లదు. తిప్పప్పా బండి."

తిప్పాం. ఇండియాలోకి రావడానికి కూడా ఎవరూ ఆపలేదు. మళ్లీ తిప్పి, ఈసారి ఇంకా మెల్లగా పోయాం. జవాను ఇంకా గట్టిగా చేయి ఊపాడు. మా నాయన కిటికీలోంచి ఫైలు చూపించాడు. జవాను ఫైలుకు కూడా చేయి ఊపాడు. మళ్లీ నేపాల్. అక్కడ గాజుల కొట్టు ఆవిడ అమ్మను గుర్తుపట్టి నవ్వింది. మళ్లీ వెనక్కి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఈసారి దిగి అడుగుదామన్నాడు నాయన.

మూడోసారి అడగాల్సిన పని పడలేదు. ఒకే కారు, అందులో మూడు గుండ్లు, ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే ఏ జవానుకైనా అనుమానమొస్తుంది. విజిలేశాడు. కారు పక్కన పెట్టమన్నాడు. లోపల నుంచి ఒక అధికారి వచ్చాడు, వయసులో నాకంటే చిన్నవాడు.

"ఆపినారు" అన్నాడు మా నాయన, గొంతులో సంతోషం దాచుకోకుండా.

అధికారి ఫైలు తీసుకున్నాడు. ఓటరు కార్డు చూశాడు, మా నాయనను చూశాడు. కార్డు మీద ఒత్తయిన జుట్టు, గుబురు మీసం. ఎదురుగా నున్నటి తలకాయ, మీసం కూడా కొండకే సమర్పణ. అమ్మ కార్డు మీద పూలు పెట్టుకున్న జడ, ముందుకేసుకుని. నా పాస్‌పోర్టులో నేను డబ్బులిచ్చి చేయించుకున్న గిరజాలు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు, కొప్పే లేనమ్మను ఎలా గుర్తుపట్టాలో ఎవరూ చెప్పలేదు. పచ్చ ఇంకు సంతకాలను ఆయన గోటితో గీకి చూసి పక్కన పెట్టేశాడు.

మామ సీటు జిప్పు తీసి తన కవర్లన్నీ ఇచ్చాడు. అధికారి పాస్‌పోర్టు తెరిచాడు. ఫొటోలో గడ్డం, ఎదురుగా అదే గడ్డం. రెండుసార్లు చూసి, ఆ రోజు మొదటిసారి హాయిగా తలూపాడు. తర్వాత మా ముగ్గురినీ చూపించి మామనే అడిగాడు.

మామ మా వైపు తిరిగాడు. "మీరు మీరేనా అని నన్ను చెప్పమంటా ఉండాడు బావా. నా మొగమొకటే సరిపోయిందంట."

నాలుగు రోజులుగా తన పేరు చూసి ఏమంటారో అని నిద్ర కూడా సరిగా పోని మనిషి, ముక్తినాథుడి దర్శనానికి పోతున్న ముగ్గురు హిందువులకు సాక్షిగా నిలబడి, ఒక్కొక్కరి తల మీద చేయి పెట్టి చెప్పాడు. ఈమె మా అక్క, ఈయన మా బావ, ఇది మా పాప. అదే మాట కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

అధికారికి ఇంకో అనుమానం మిగిలింది. ఇన్నిసార్లు ఎందుకు తిరిగారు? అసలు ఎవరు పోయారు?

మామ తర్జుమా చేశాడు. మా నాయన గుండు తడుముకున్నాడు.

"మా చెక్‌పోస్టు పోయినాది అని చెప్పప్పా" అన్నాడు.

మామ చెప్పాడు. తన సొంత ఉర్దూలో, ముప్పై ఏళ్లూ, తాడూ, వేలం, అన్నీ కలిపి చాలాసేపు చెప్పాడు. మధ్యలో అధికారి రెండుసార్లు మా నాయన చేతుల వైపు చూశాడు. తాడు ఒరుసుకుని అరచేతుల్లో పడిన కాయలు ఇంకా పోలేదు. అంతా విని జవానుతో ఏదో అన్నాడు. మేము కారెక్కాం, జవాను ముందు నడుస్తూ తోరణం పక్కగా, సరుకు లారీలు పోయే సందులోకి దారి చూపించాడు.

అక్కడ ఉంది. రోడ్డుకు అడ్డంగా పొడుగాటి వెదురు కర్ర, ఒక కొనకు రాళ్లు కట్టిన మూట, ఇంకో కొనకు తాడు. తాడు పట్టుకుని లుంగీ కట్టుకున్న ఒక ముసలాయన.

మా నాయన చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ముసలాయన తాడు సడలించాడు. కర్ర లేచింది. ఆయన మా కారు వైపు చూడలేదు. కింద, ఏదైనా విసురుతారేమో అన్నట్టు, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. కారు ముందు చక్రాలు కర్ర కిందికి వచ్చాయి. మా నాయన తువ్వాలు విప్పి, రెండు కాయలూ చేతిలోకి తీసుకుని, చేయి కిటికీ బయటికి పెట్టాడు. విసరడానికి. ఆ చేయి అలాగే ఉండిపోయింది.

"ఆపప్పా" అన్నాడు.

దిగాడు. వెనక లారీ హారను కొట్టింది. ముసలాయన దగ్గరికి పోయి కాయలు చూపించాడు. ఆయన రెండు చేతుల్లోనూ తాడు ఉంది. తీసుకోవడానికి చేయి లేదు. మా నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆ తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. ముసలాయన కాయలు అందుకున్నాడు. దెబ్బలు లేని కాయలు. మా నాయన గుండు చూసి, ఎవరో పోయారనుకుని, కాయలు పట్టుకున్న చేతుల్తోనే దండం పెట్టాడు. మా నాయన కాదనలేదు, తలొంచాడు.

"ఇంగ పోండి" అని మాకు కేకేశాడు. "లారీ ఆగి ఉండాది ఎనకాల."

"నువ్వు ఎక్కవా బావా?"

"నేను నడిసి వస్తా పో."

మామ కారు కదిపాడు. పెళ్లయి నలభై ఏళ్లయినా మా అమ్మ ఆ చెక్‌పోస్టుకు ఒక్కసారి కూడా పోలేదు. ఆడవాళ్లు పోయే తావు కాదనేవారు. మొగుడు ఏం పని చేసేవాడో ఆమె చూడనేలేదు. ఇప్పుడు కిటికీలోంచి గుండు బయటపెట్టి, పైన కర్రనూ, కింద తాడు పట్టుకున్న మనిషినీ మార్చి మార్చి చూసింది. మా నాయన రోడ్డు వైపు చూడలేదు. ఆమె దాటిపోయేదాకా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. వెనక లారీ కూడా దాటాక, మెల్లగా తాడు లాగి కర్ర దించి, ముసలాయనకు అప్పగించి, పక్క సందులోంచి నడుచుకుంటూ వచ్చాడు.

అమ్మ తల లోపలికి పెట్టుకుని, ఆ పాత తాడు మీద బట్టలు ఆరేసిన తన అరచేతులు చూసుకుంది.

"బాగా ఎత్తతాడు గదా" అంది.